ఫోన్ చేతిలోకి రావడానికి ముందు



మాస్టారు మనకు మనస్తత్వశాస్త్రం చెప్పిన రోజుల్లో, అదుపు తప్పిన ఇంటర్నెట్ వాడకం అనే అంశం సిలబస్‌లో లేదు. ఆయన రిటైరయ్యే నాటికి మన కాలేజీలో కంప్యూటర్ అంటే అద్దాల గదిలో, చెప్పులు బయట విడిచి వెళ్లి చూసే వస్తువు. అయినా ఆయన పేరిట జరిగే ఉపన్యాసానికి ఈ విషయమే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. తనకు నష్టమని తెలిసిన పనినే ఒక మనిషి పదేపదే చేస్తుంటే, ఆ పని అతనికి ఏం చేసిపెడుతోందో ముందు కనుక్కోండి, తిట్టడం తర్వాత చూసుకోవచ్చు అనేవారు మాస్టారు. ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పిన ఇరవై, ఇరవై అయిదేళ్ల పిల్లల గురించి మనం ఇళ్లల్లో, కాలేజీల్లో, టీవీ చర్చల్లో చాలానే మాట్లాడుకుంటున్నాం. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగడం లేదు.

కౌన్సెలింగ్ కోసం నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు మొదట చెప్పేది అంకె. "రోజుకు తొమ్మిది గంటలండీ, వాడి ఫోనే చూపిస్తోంది" అంటారు. నిద్రా చదువూ పోతున్నప్పుడు ఆ అంకెను పట్టించుకోవలసిందే. కానీ ఆ తొమ్మిది గంటల్లో ఏముందో అది చెప్పదు. 2019లో ఏమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు మూడున్నర లక్షల మందికి పైగా టీనేజీ పిల్లల వివరాలు తీసి లెక్క కట్టారు. డిజిటల్ వాడకానికీ మానసిక క్షేమానికీ సంబంధం కనిపించింది. అయితే పిల్లల క్షేమంలో ఉన్న తేడాల్లో ఆ వాడకం వివరించగలిగింది మహా అయితే 0.4 శాతం. ఇది సగటు లెక్క, అదీ టీనేజీ పిల్లలది. సగటులో కనపడకుండా పోయే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. నేను మాట్లాడబోయేది వాళ్ల గురించే.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐసీడీ-11 వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో గేమింగ్ డిజార్డర్‌కు చోటు దొరికింది. గంటల ప్రస్తావన అందులోనూ లేదు. ఆట మీద అదుపు తప్పడం, జీవితంలో మిగతావన్నీ దాని తర్వాతే కావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగడం, ఇవీ వాళ్ల కొలతలు. నిర్ణయం గడియారాన్ని చూసి కాదు, మనిషిని చూసి చేయమని దాని అర్థం.

ఈ పరిశోధన ఎక్కడ మొదలైందో కొంచెం చెప్పాలి. 1996లో కింబర్లీ యంగ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, జూదం నుంచి బయటపడలేనివారిని గుర్తించే ప్రశ్నలనే ఇంటర్నెట్‌కు తగ్గట్టు మార్చి ఎనిమిది ప్రశ్నలు తయారు చేసింది. వాటి ప్రకారం 396 మంది అదుపు తప్పినవాళ్లు, 100 మంది మామూలుగా వాడేవాళ్లు తేలారు. మొదటివాళ్లు వారానికి సగటున 38.5 గంటలు గడిపితే, రెండోవాళ్లు 4.9 గంటలు. ఈ అంకెలు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. అదే వ్యాసంలో అంతకన్నా విలువైన సంగతి ఇంకొకటి ఉంది. మామూలుగా వాడేవాళ్లు సమాచారం వెతకడానికో ఈమెయిల్‌కో వెళ్లేవారు. అదుపు తప్పినవాళ్లు ఎక్కువగా వెళ్లింది చాట్ రూములకూ, నలుగురూ కలిసి అక్షరాలతో ఆడుకునే ఆటలకూ. బొమ్మ కూడా తొందరగా తెరుచుకోని ఆ డయలప్ కాలంలో, ఉత్త అక్షరాల తెర మీద వాళ్లు వెతుక్కున్నది మనుషుల్ని. ఆ తర్వాతి ముప్ఫై ఏళ్ల పరిశోధన చాలా మటుకు ఈ సంగతికే వ్యాఖ్యానమని నా అభిప్రాయం.

2001లో రిచర్డ్ డేవిస్ అనే పరిశోధకుడు దీన్ని ఒక క్రమంలో పెట్టాడు. దిగులు, నలుగురిలో భయం, ఒంటరితనం ముందే ఉంటాయి. వాటి మీద కొన్ని నమ్మకాలు పెరుగుతాయి. బయట నేను దేనికీ పనికిరాను, అక్కడ మాత్రం నాకు విలువ ఉంది అన్నవి అలాంటి నమ్మకాలు. ఇంటర్నెట్ ఈ నమ్మకాలను పుట్టించదు, రోజూ నిజం చేసి చూపిస్తుంది. తర్వాత స్కాట్ కాప్లాన్ ఒంటరితనంతో, బిడియంతో బాధపడేవాళ్లు ఎదురెదురు మాటల కన్నా తెర మీది మాటలను ఎందుకు ఇష్టపడతారో పరిశీలించాడు. అక్కడ జవాబు చెప్పేముందు ఆలోచించుకోవచ్చు. గొంతు వణికినా ఎవరికీ వినపడదు. మాట నచ్చకపోతే చెరిపేసి మళ్లీ రాసుకోవచ్చు. ఈ ఇష్టం ముదిరేకొద్దీ ఎదురుపడి మాట్లాడే అలవాటు తగ్గుతుంది, అలవాటు తగ్గేకొద్దీ భయం పెరుగుతుంది.

చెబితే సిద్ధాంతంలా ఉంటుంది కానీ ఇది మన ఇళ్లల్లో ఉన్నదే. డిగ్రీ అయిపోయి, సంబంధాలు చూస్తున్నారని ఇంట్లో ఉన్న ఒక అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. ఉద్యోగానికి పంపరు. పెళ్లయ్యాక వాళ్ల ఇష్టం అన్నారు. స్నేహితురాళ్లు తలా ఒక ఊరు వెళ్లిపోయారు. "ఇంట్లో నోరు విప్పదండీ, ఫోన్ చూసి మాత్రం తనలో తాను నవ్వుకుంటుంది" అని తల్లి బాధ. ఆ అమ్మాయి పేరూ ఫోటో లేని ఒక ఖాతా నడుపుతోంది. అందులో క్రికెట్ గురించి రాస్తుంది. చాలా బాగా రాస్తుంది కూడా, నేను చదివాను. మ్యాచ్ ఉన్న రోజు ఆమె మాట కోసం ఎక్కడెక్కడి వాళ్లో ఎదురుచూస్తారు. రాత్రి రెండింటి దాకా జవాబులు రాస్తూ ఉంటుంది. పొద్దున లేవలేదు, తలనొప్పి, చిరాకు. "అక్కడ నేను మాట్లాడితే వింటారండీ" అంది నాతో, తల వంచుకుని. ఆ ఫోన్ లాక్కుంటే ఏం లాక్కున్నట్టో తల్లికి వివరించడానికి చాలా సేపు పట్టింది. ఆమె నిద్ర సరిచేయాలి, నిజమే. అంతకన్నా ముందు ఆమె మాట వినే చోటు తెర బయట ఒకటైనా ఉండాలి.

డానియల్ కార్డెఫెల్ట్-వింథర్ అనే పరిశోధకుడు 2014లో రాసిన మాట ఇదే. ఈ వాడకాన్ని రోగంగా చూసేముందు, జీవితంలో లేని దేన్నో పూడ్చుకునే ప్రయత్నంగా చూడమన్నాడు.

ఇక హైదరాబాద్ అశోక్‌నగర్ గురించి. మీలో చాలామందికి ఆ గల్లీలు తెలుసు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర్నుంచి చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దాకా కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, మెస్సులు, హాస్టళ్లు. అక్కడ ఉండేవాళ్లకు 2022 నుంచి 2024 దాకా ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్ వచ్చి, 2024 జూన్‌లో మూడోసారి రాశారు. తన తప్పేమీ లేకుండా ఒక అభ్యర్థి వయసులో రెండేళ్లు ఇలా వెళ్లిపోయాయి. ఆ రెండేళ్లూ కబురు వచ్చేది ఫోన్‌లోనే. కోర్టులో వాయిదా పడిందా, కీ వచ్చిందా, తేదీ మారిందా అన్నీ టెలిగ్రామ్ గ్రూపుల్లోనే తెలియాలి. ఫోన్ పక్కన పెట్టమని వాళ్లకు ఏ ముఖంతో చెబుతాం?

అలాంటి ఒక కుర్రాడు నా దగ్గరకు తనంత తానుగా వచ్చాడు. రాత్రి రెండు, మూడు దాకా షార్ట్స్ చూస్తున్నానని, ఆపలేకపోతున్నానని, పొద్దున లైబ్రరీలో సీటు దొరకడం లేదని చెప్పాడు. నేను ఆపమని చెప్పలేదు. ఒక తెల్లకాగితం ఇచ్చి గీతలు గీయించాను. ఫోన్ తీసిన ప్రతిసారీ టైము, ఎక్కడున్నావు, సరిగ్గా దానికి ముందు ఏం జరిగింది, ఒంట్లో ఎలా ఉంది, ఈ నాలుగూ రాయమన్నాను. కాగితం తిరిగి తెచ్చినప్పుడు మూడో గడిలో ఒకే మాట మళ్లీ మళ్లీ ఉంది. "నాన్న ఫోన్ చేశాక." నాన్న ఏమీ అనడు. తిన్నావా అంటాడు, డబ్బులున్నాయా అంటాడు, పెట్టేస్తాడు. ఇంకా ఎన్నాళ్లు అని అడగడు. ఆ అడగకపోవడమే ఆ కుర్రాడికి గుండెల మీద బరువు. నాలుగో గడిలో "ఛాతీ పట్టేసినట్టు" అని రాశాడు. ఆ బరువుతో మంచం మీద వాలతాడు. చేయి ఫోన్ మీదకు పోతుంది. ముందు టెలిగ్రామ్, ఏమైనా వచ్చిందేమోనని. ఏమీ ఉండదు, లేదా ఎవడో 'ఈ వారంలోనే రిజల్ట్స్, పక్కా' అని పెట్టి ఉంటాడు. అక్కడ్నుంచి బొటనవేలు తనకు తెలియకుండానే యూట్యూబ్ మీదకు జరుగుతుంది. తొలి వీడియోకే ఛాతీ వదులవుతుంది.

ఈ ఆఖరి వాక్యం దగ్గర ఆగాలి. ఛాతీ నిజంగానే వదులవుతుంది, అది భ్రమ కాదు. బాధ తీరడం వల్ల ఒక పని బలపడడాన్ని మా శాస్త్రంలో ప్రతికూల పునర్బలనం అంటారు. దురద పెట్టిన చోట గోకినట్టు ఉంటుంది వ్యవహారం. గోకిన క్షణం హాయి, కాసేపటికి అదే చోట ఇంకా ఎక్కువ దురద. రాత్రి రెండింటికి ఫోన్ పడేసినప్పుడు ఆ కుర్రాడికి నాన్న ఫోన్ చేసిన బరువు అలాగే ఉంది, దాని మీద రేపటి చదువు పాడైందన్న అపరాధభావం చేరింది. ఆ కొత్త బరువును దించుకోవడానికి మళ్లీ అదే ఫోన్. జర్మనీకి చెందిన మథియాస్ బ్రాండ్, ఆయన తోటివారు 2016లో ప్రతిపాదించిన నమూనా ఈ మలుపునే పట్టుకుంది. తొలిరోజుల్లో సరదా కోసం తెరుస్తారు. పోనుపోను సరదా తగ్గిపోతుంది, బాధ నుంచి తప్పుకోవడమే మిగులుతుంది. "చూస్తున్నప్పుడు కూడా బాగుండదు సార్" అని పిల్లలు చెబితే పెద్దలు నమ్మరు. బాగుండకపోతే ఎందుకు చూస్తావు అంటారు. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం.

ఎదురుచూపు సంగతి విడిగా చెప్పాలి. ఏం జరుగుతుందో తెలియకపోవడాన్ని తట్టుకునే శక్తి అందరికీ ఒకలా ఉండదు. కెనడాలో మిషెల్ దుగా, ఆయన సహచరులు తీవ్రమైన ఆందోళనకు ఆ శక్తి లోపించడమే మూలమని 1990ల నుంచి చెబుతున్నారు. తట్టుకోలేనివాళ్లు మళ్లీ మళ్లీ చూసుకుంటారు, అడుగుతారు, వెతుకుతారు. ఇప్పుడు దీని పక్కన ఇంకో పాత సంగతి పెట్టండి. 1957లో ఫెర్‌స్టర్, స్కిన్నర్ ప్రచురించిన పుస్తకంలో పావురాల ప్రయోగాలు ఉన్నాయి. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో లెక్క దొరకనప్పుడు పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజలు ఆపేశాక కూడా చాలాసేపు పొడుస్తుంది. రీల్స్‌కూ, నోటిఫికేషన్లకూ ఈ సూత్రాన్ని అన్వయించి చెప్పడం అందరూ చేస్తున్నదే. నేను అంటున్నది ఏమిటంటే, మన పిల్లల జీవితమే ఇవాళ ఆ పద్ధతిలో నడుస్తోంది. పరీక్ష ఎప్పుడో తెలియదు, ఫలితం ఎప్పుడో తెలియదు, వస్తుందో రాదో తెలియదు. డాలస్‌లో ఎంఎస్ ముగించి, చదువు తర్వాత పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి మీద ఉన్న మన అమ్మాయిలు, అబ్బాయిలు తొంభై రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదన్న నిబంధన కింద రోజులు లెక్కపెట్టుకుంటూ, లింక్డిన్ తెరిచి మూసి తెరిచి కూర్చుంటారు. అక్కడ వాళ్లకు అర్ధరాత్రి, ఇక్కడ మనకు పగలు, కాబట్టి ఇంటి నుంచి వచ్చే మెసేజీలు కూడా ఆ వేళకే. వాళ్ల చేతిలో యంత్రం కన్నా ముందు వాళ్ల కాలమే అలా తయారై ఉంది.

యంత్రాన్ని తయారుచేసేవాళ్లను ఈ మాటతో వదిలేస్తున్నానని అనుకోకండి. పేజీ కింది అంచు ఎప్పటికీ రాకుండా చేసే స్క్రోలింగ్‌ను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డాడు. వెనకటి పేజీలకు ఒక చివర ఉండేది. ఆ చివర దగ్గర మనిషికి 'ఇక చాల్లే' అనుకునే వీలు దొరికేది. దాన్ని తీసేశారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా 1 జీబీ డేటాకు రెండు వందల రూపాయలకు పైగా పెట్టిన పిల్లవాడికి రీఛార్జి అయిపోవడమైనా ఒక అడ్డు. ఇప్పుడు అదీ లేదు. ఇక చట్టాల సంగతికొస్తే, ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో పార్లమెంటు డబ్బు ఆటలన్నిటి మీదా చట్టం చేసింది. అవి అవసరమైనవే. పోగొట్టుకున్న డబ్బు రాబట్టుకోవాలన్న తహతహ వేరే రకం నరకం, దానికి వేరే ఉపన్యాసం కావాలి.

అయితే చట్టంతో తలుపు మూస్తే సరిపోతుందా అంటే, దక్షిణ కొరియా అనుభవం చూడండి. పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని 2011లో చట్టం తెచ్చారు. పదేళ్ల తర్వాత, 2021లో, దాన్ని ఎత్తేయాలని నిర్ణయించారు. పిల్లలు కంప్యూటర్ వదిలి అప్పటికే మొబైల్‌కు మారిపోయారు.

రాత్రి సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. నిద్ర వస్తున్నా, ఆపేవాళ్లెవరూ లేకపోయినా, పడుకోవడాన్ని వాయిదా వేసుకోవడం గురించి నెదర్లాండ్స్‌లో ఫ్లోర్ క్రూసే బృందం 2014లో రాసింది. మన హాస్టళ్లలో దీనికి ఒక ప్రత్యేక కారణం నాకు కనిపిస్తోంది. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా ఆ పిల్లల కాలం వాళ్లది కాదు. స్టడీ అవర్, టెస్టు, మెస్ టైము, వార్డెన్. ఇంటర్ రెండేళ్లు కార్పొరేట్ కాలేజీల్లో ఇలాగే గడిపి వచ్చినవాడికి, తన ఇష్టం చెల్లే కాలం అంటే దుప్పటి కింది కాలమే. ఖాళీ సమయంతో ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు, నేర్చుకునే ఖాళీ ఇవ్వలేదు. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమతీ విల్సన్ చేసిన ప్రయోగంలో, మనుషుల్ని ఒక గదిలో పదిహేను నిమిషాలు ఏ పనీ లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టారు. కావాలంటే నొక్కుకోవడానికి, చిన్న కరెంటు షాకు ఇచ్చే బటన్ ఒకటి పెట్టారు. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ బటన్ నొక్కుకున్నారు. ఆ షాకు తగలకుండా ఉండడానికి డబ్బయినా ఇస్తామని అంతకుముందు చెప్పినవాళ్లే వాళ్లు. మన తలలోపలి మాటలతో ఒంటరిగా ఉండడం ఎవరికైనా కష్టమే. ఆ మాటలు 'నువ్వు ఓడిపోయావు' అని చెబుతున్నప్పుడు ఇంకెంత కష్టమో ఆలోచించండి.

ఇందువల్లే తిట్టు పనిచేయదు. 'నీ వల్ల కాదు, నువ్వు బాగుపడవు' అని ఇంట్లో అన్న ప్రతిసారీ, ఏ బాధ నుంచి పారిపోవడానికి ఫోన్ తీస్తున్నాడో ఆ బాధనే మనం చేతులారా పెంచుతున్నాం. సంకల్పబలం లేదన్న నింద కూడా అలాంటిదే. వియత్నాం యుద్ధం చివర్లో అమెరికా సైనికుల్లో ప్రతి అయిదుగురిలో ఒకరు హెరాయిన్‌కు లొంగిపోయారు. తిరిగొచ్చినవాళ్లను లీ రాబిన్స్ వెంబడించి పరిశీలిస్తే, అక్కడ అలవాటు పడ్డవాళ్లలో మూడేళ్లలో మళ్లీ దానికి బానిసైనవాళ్లు 12 శాతమే. భయం, విసుగు, ఒంటరితనం ఉన్న చోటు నుంచి ఇంటికొచ్చారు. మన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. గదీ అదే, ఎదురుచూపూ అదే, ఫోనూ జేబులోనే. వాళ్ల చోటు మారాలంటే మనం మార్చాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అదుపు తప్పిన వాడకం వెనక చాలాసార్లు చికిత్స అవసరమైన డిప్రెషన్ ఉంటుంది, నలుగురిలోకి వెళ్లాలంటే వణుకు పుట్టించే సోషల్ యాంగ్జైటీ ఉంటుంది, చిన్నప్పుడు ఎవరూ గుర్తించని ఏడీహెచ్‌డీ ఉంటుంది. ఏది ముందు ఏది తర్వాత అన్నది పిల్లవాడిని బట్టి మారుతుంది, ఒకదాన్ని ఒకటి పెంచుకుంటాయి కూడా. ఫోన్ ఒక్కటే చూసి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లకపోతే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి దీనికోసమే షట్ క్లినిక్ నడుస్తోంది. అంత దూరం వెళ్లలేనివాళ్లకు ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఆ కుర్రాడి విషయంలో చేసింది పెద్దగా ఏమీ లేదు. వాళ్ల నాన్నను ఒక ఆదివారం పిలిపించాను. తండ్రీకొడుకులు ఇద్దరూ నా ఎదుట, ఎప్పటిదాకా ప్రయత్నించాలో, కాకపోతే ఏం చేయాలో మొదటిసారి నోరు విప్పి మాట్లాడుకున్నారు. రిజల్ట్స్ కోసం టెలిగ్రామ్ రోజుకు రెండే వేళల్లో చూడాలని తనే పెట్టుకున్నాడు. రాత్రి నాన్న ఫోన్ చేశాక రూమ్మేటుతో కిందకు దిగి, ఫోన్ మెస్ కౌంటర్లో ఛార్జింగ్‌కు పెట్టి, టీ తాగి వచ్చేవాడు. కొన్ని రాత్రులు మళ్లీ జారాడు. జారిన రాత్రులు కూడా కాగితం మీద రాశాడు.

ఈ ఉపన్యాసం నడిపే నిధి కమిటీకి నాదొక విన్నపం. ఏటా ఉపన్యాసానికీ, శాలువాకూ, పుస్తకం అచ్చుకూ అయ్యే ఖర్చులో కొంత తగ్గించి, మన కాలేజీ రీడింగ్ హాలు పక్కన ఉన్న పాత స్టాఫ్ రూములో వారానికి రెండు సాయంత్రాలు ఒక కౌన్సెలర్‌ను కూర్చోబెట్టండి. పోటీ పరీక్షల ఫలితాలు వచ్చే నెలల్లో రోజూ కూర్చోబెట్టండి. తలుపు మీద మానసిక వైద్యం అని బోర్డు పెట్టకండి, పిల్లలు రారు. మాస్టారి పేరు పెట్టండి. శాలువా ఈ ఏడాది నాకు వద్దని కార్యదర్శి గారికి ముందే చెప్పాను. ఆ డబ్బు ఆ గదిలోకి రెండు కుర్చీలకు సరిపోతుంది.